దోమతెరా, క్రీమా, కాయిలా? వైజాగ్ నుంచి బయల్దేరే ముందు బ్యాగులో ఏం పెట్టుకోవాలి

వంజంగి మబ్బులు చూడ్డానికి వెళ్లే కుర్రాళ్లు శుక్రవారం రాత్రి మా వీధి చివర మెడికల్ షాపు ముందు బైకులు ఆపుతారు. "అన్నా, దోమలకి ఏది బెస్టు?" అని అడుగుతారు. అతను చేతికందింది ఇస్తాడు. ఒకసారి కాయిల్ పెట్టె, ఒకసారి క్రీము ట్యూబు. అదే షాపులో పోయిన నెల ఒక పెద్దావిడ, సింగపూర్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తూ మూడు లిక్విడ్ సీసాలు కొన్నారు. ఇద్దరూ డబ్బు పెట్టారు, ఇద్దరికీ కావాల్సింది మాత్రం అది కాదు. టెంటులో కాయిల్ వెలిగిస్తే దోమల కంటే ముందు మనకే ఊపిరాడదు. సింగపూర్‌లో సాయంత్రాలు మనవణ్ణి తీసుకుని పార్కులో తిరిగితే, గదిలో పెట్టిన సీసా గదికే కాపలా కాస్తుంది.

"ఏది బెస్టు" అన్న ప్రశ్నకి జవాబు లేదు. ఏ పూట బయట ఉంటారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఈ రెండూ చెబితే జవాబు దానంతటదే వస్తుంది. అందుకే కొనే వస్తువుల సంగతికి ముందు కుట్టేవాళ్ల సంగతి.

ఏ దోమ ఏ పూట

డెంగీ, చికున్‌గున్యా, జికా మోసుకొచ్చేది ఏడిస్ దోమ. ఒంటి మీద తెల్ల చారలుంటాయి కాబట్టి దీన్ని టైగర్ దోమ అంటుంటాం. ఇది పగటి దోమ. పొద్దెక్కాక రెండు మూడు గంటలు, మళ్లీ సాయంత్రం చీకటి పడే ముందు రెండు గంటలు బాగా కుడుతుంది. మడమల దగ్గర, బల్ల కింద పెట్టుకున్న కాళ్ల మీద దీనికి మక్కువ. పెరిగేది మురుగులో కాదు, మనం దాచుకున్న మంచినీళ్లలో. కూలర్ తొట్టి, పూలకుండీ కింద పళ్లెం, డాబా మీద పాత టైరు, కొబ్బరి చిప్ప. గుడ్డు నుంచి దోమ అయ్యేదాకా వారం, పది రోజులు పడుతుంది. "ఫ్రైడే డ్రై డే" అని వారానికోసారి నీళ్లు పారబోయమనేది అందుకే. పారబోస్తే చాలదు, తొట్టి గోడలు పీచుతో రుద్దాలి. అక్కడ అంటుకున్న గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలౌతాయి.

దీన్నిబట్టి ఒకటి తెలుస్తుంది. డెంగీ అడవి జబ్బు కాదు, ఊరి జబ్బు. అరకు వెళ్తున్నాం, డెంగీ వస్తుందేమో అని టెన్షన్ పడే మనిషికి అది ఎంవీపీ కాలనీలో సొంత బాల్కనీలోనే ఎదురుకావచ్చు. బ్యాంకాక్ నడిబొడ్డున అయిదు నక్షత్రాల హోటల్ తోటలోనూ కావచ్చు.

మలేరియా తెచ్చే అనాఫిలిస్ రాత్రి దోమ. చీకటి పడినప్పటి నుంచి తెల్లవారేదాకా దాని డ్యూటీ. మన ఏజెన్సీలో దీని కుదురు కొండవాగులు. మనవైపు గెడ్డలంటాం కదా, వాటి అంచుల్లో గడ్డి మధ్య మెల్లగా జారే తేట నీళ్లలో ఫ్లూవియాటిలిస్ అనే రకం పెరుగుతుంది. గోడ మీద వాలితే తల కిందికి, తోక పైకి పెట్టుకుని వాలుగా కూర్చుంటుంది. పెద్దగా చప్పుడు చెయ్యదు. పాతకాలం వాళ్లు మలేరియాని మన్యం జ్వరం అనేవారు, మన్యంలో ఒక రాత్రి పడుకున్నవాడికి వస్తుందని. వాళ్లకి దోమ సంగతి తెలియదు, రాత్రి సంగతి తెలుసు. మలేరియా దోమ ద్వారా వస్తుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, అదీ మన సికింద్రాబాద్‌లోనే.

మూడోది క్యూలెక్స్. మురుగు కాలవ దోమ. రాత్రి చెవి దగ్గర గుయ్‌మని నిద్ర పాడుచేసేది చాలావరకు ఇదే. బోదకాలు దీనివల్ల వస్తుంది గానీ, దానికి నెలల తరబడి, ఏళ్ల తరబడి కుట్టించుకోవాలి. నాలుగు రోజుల ప్రయాణానికి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. వరిచేలల్లో ఉండే క్యూలెక్స్ రకం మెదడువాపు జ్వరం మోస్తుంది, దాని మాట టీకాల దగ్గర చెప్తాను.

ఒంటికి రాసుకునేవి

ప్రయాణికుడు ఒకే ఒక్కటి కొనాలంటే నేను క్రీమో స్ప్రేనో కొనమంటాను. మనం ఎక్కడికెళ్తే అక్కడికి వచ్చేది అదొక్కటే.

మన షాపుల్లో అందరికీ తెలిసిన క్రీముల్లో ఎక్కువగా ఉండే మందు డైఇథైల్ బెంజమైడ్, సాధారణంగా 12 శాతం. విదేశీ ప్రయాణాల సలహాల్లో పదేపదే కనిపించే డీట్ ఇది కాదు, కానీ దగ్గరి చుట్టమే. రసాయనం చూస్తే డీట్‌కి ఒక చిన్న మిథైల్ తోక ఎక్కువ, అంతే తేడా. కైలాసగిరి మీద సాయంత్రానికి, రైల్లో అరకు వెళ్లి రావడానికి మన క్రీము సరిపోతుంది. ట్యూబు మీద ఎన్ని గంటలని రాసి ఉన్నా, మన సముద్రపు గాలి తేమకి, కారే చెమటకి అంతసేపు నిలవదు. మెట్లెక్కి చెమట పట్టాక, మొహం కడుక్కున్నాక మళ్లీ రాసుకోవాల్సిందే.

డీట్ 1946లో అమెరికా సైన్యం కోసం తయారైంది. దీని విషయంలో శాతం ఎంతుంటే బలం అంత అనుకుంటారు, అది సరికాదు. శాతం చెప్పేది ఎంతసేపు పనిచేస్తుందన్నది. 10 శాతం ఉన్నది రెండు గంటలు, 20 నుంచి 30 శాతం ఉన్నది నాలుగు నుంచి ఆరు గంటలు. 50 దాటాక లాభం పెద్దగా పెరగదు. ఏజెన్సీలో రాత్రి బస ఉన్నా, ఆఫ్రికా వెళ్తున్నా 30 శాతం దగ్గర ఆగితే చాలు. దీని చెడ్డ గుణం ప్లాస్టిక్‌ని తినడం. కళ్లజోడు ఫ్రేము, వాచీ బెల్టు, ఫోన్ కవర్ జిగటగా తయారవుతాయి. రేయాన్, సాగే స్పాండెక్స్ బట్టలు పాడవుతాయి. నూలుకి, నైలాన్‌కి ఏమీ కాదు. రెండు నెలల లోపు పసిబిడ్డలకి రాయకూడదు.

పికారిడిన్ అని ఇంకోటుంది, ఇకారిడిన్ అని కూడా రాస్తారు. 20 శాతం ఉన్నది 30 శాతం డీట్‌తో సమానంగా నిలబడుతుంది. వాసన లేదు, జిడ్డు లేదు, ప్లాస్టిక్‌ని ముట్టుకోదు. నా మటుకు నాకు ఇదే ఇష్టం. చిక్కల్లా దొరకడమే. మన ఊళ్లో ప్రతి షాపులోనూ ఉండదు, ఆన్‌లైన్‌లో ముందుగా తెప్పించుకోవాలి. విదేశం వెళ్లేవాళ్లు దిగాక అక్కడి ఫార్మసీలో కొనుక్కోవచ్చు.

"కెమికల్ వద్దండీ, నేచురల్ కావాలి" అనేవాళ్లు చాలామంది. నాకూ అర్థమవుతుంది. నిమ్మగడ్డి నూనె, సిట్రొనెల్లా, వేపనూనె పనిచేయవని కాదు, చాలా తొందరగా ఆవిరైపోతాయి. గంటకోసారి రాసుకునే ఓపిక ఉంటే పార్కులో పర్వాలేదు. మలేరియా ఉన్న చోట రాత్రి గడపడానికి నూనెల్ని నమ్ముకోకండి. మొక్కల నుంచి వచ్చినవాటిలో నిలబడేది ఒక్కటే, లెమన్ యూకలిప్టస్ నూనెని శుద్ధి చేసి తీసే పీఎండీ. 30 శాతం ఉన్నది కొన్ని గంటలు పనిచేస్తుంది, మూడేళ్ల లోపు పిల్లలకి వాడరు. మామూలు నీలగిరి తైలం, ఇదీ ఒకటి కాదు. ఇంట్లో ఉన్న సీసా పట్టుకుని బయల్దేరకండి.

రాసుకునే వరసలో కూడా తప్పు చేస్తాం. ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక దోమల క్రీము. పిల్లలకి మీ చేతిలో వేసుకుని రాయండి, వాళ్ల అరచేతులకి వద్దు, నోట్లో పెట్టుకుంటారు. బట్ట కప్పిన చోట రాయక్కర్లేదు. మడమలు, పాదాల పైభాగం, చెవుల వెనక, మెడ మర్చిపోతాం, దోమలు మర్చిపోవు.

పడుకునే చోట

ఇక్కడ నా తీర్పు సూటిగా చెప్పేస్తాను. కిటికీలకి సరిగ్గా మూసుకునే జాలీలు, ఏసీ ఉన్న గదైతే ఇంకేమీ అక్కర్లేదు, కావాలంటే లిక్విడ్ మెషీన్ పెట్టుకోండి. అలా లేని చోట దోమతెరకి మించింది లేదు. కరెంటు అక్కర్లేదు, పొగ లేదు, నిద్రలో మళ్లీ రాసుకోవాల్సిన పని లేదు. ఏజెన్సీలో వానాకాలం రాత్రి కరెంటు పోయినప్పుడు మెషీన్ ఒక ప్లాస్టిక్ సీసా మాత్రమే.

తెరల్లోనూ రెండు రకాలు. మామూలు తెరకి చెయ్యి ఆనితే దోమ బయటి నుంచే కుడుతుంది, చిన్న చిరుగున్నా లోపలికి దూరుతుంది. మందు పట్టించిన తెర మీద వాలిన దోమ చస్తుంది. డెల్టామెత్రిన్ లాంటి మందుని దారంలోనే కలిపి చేసినవి దాదాపు 20 ఉతుకుల దాకా, మూడేళ్ల దాకా పనిచేస్తాయి. ఏజెన్సీ గ్రామాల్లో ప్రభుత్వం పంచేవి ఈ రకమే. ఉతికాక ఎండలో ఆరేస్తే మందు తగ్గిపోతుంది, నీడలో ఆరెయ్యాలి. కొనేటప్పుడు కన్ను సైజు చూడండి, చదరపు అంగుళానికి 156 రంధ్రాలు మంచి లెక్క. గొడుగులా తెరుచుకునే తెరలు ఒక్కరికి, పసిపిల్లలకి బాగుంటాయి. నలుగురు కలిసి వెళ్తే తాళ్లతో కట్టే నలుచదరపు తెర తీసుకుని, నాలుగు మేకులో, కిటికీ ఊచలో చూసుకోవడం మేలు. అంచులు పరుపు కిందకి దోపాలి, వేలాడదీయకూడదు.

లిక్విడ్ మెషీన్లలో ఉండే ట్రాన్స్‌ఫ్లుత్రిన్ మూసిన గదిలో బాగా పనిచేస్తుంది, పడుకోడానికి అరగంట ముందే వెయ్యాలి. వరండాలో, తలుపులు తెరిచిన కాటేజీలో గాలికి కొట్టుకుపోతుంది. విదేశం పట్టుకెళ్తే ప్లగ్గు చూసుకోవాలి. సింగపూర్, మలేషియా, కెన్యాల్లో మూడు చదరపు పిన్నుల సాకెట్, మన రెండు గుండ్రటి పిన్నులు నేరుగా దిగవు.

కాయిల్ సంగతి. ఆరుబయట, గాలి తగిలే వరండాలో కాళ్ల దగ్గర పెట్టుకుంటే ఉపయోగమే. గదిలో వద్దు, టెంటులో అస్సలు వద్దు. ఒక కాయిల్ కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉండేదానితో సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఉబ్బసం ఉన్నవాళ్ల ఇంట్లో ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. టెంటు బట్ట అంటుకునే భయం వేరే. దోమల అగరబత్తులని పేరూ ఊరూ లేని ప్యాకెట్లు చవగ్గా అమ్ముతారు, అవి ఇంకా అన్యాయం. ఏ మందు ఎంత వేశారో తెలియదు. పురుగుమందుల రిజిస్ట్రేషన్ నంబర్ లేని ప్యాకెట్ ఏదైనా తిరిగి షాపులోనే పెట్టేయండి.

ఫ్యాను గురించి ఎవరూ మాట్లాడరు. దోమ బలహీనమైన ఈతగత్తె లాంటిది, గాలికి ఎదురీదలేదు. కాళ్లకి తగిలేలా టేబుల్ ఫ్యాన్ పెడితే సగం బాధ పోతుంది.

బట్టల మాట రెండు ముక్కల్లో. పొడుగు చేతులు, పాదాల దాకా ప్యాంటు, లేత రంగు, వదులుగా. లెగ్గింగ్స్ మీద నుంచి దోమ హాయిగా కుడుతుంది. 0.5 శాతం పర్మెత్రిన్ స్ప్రే బట్టలకి కొట్టి ఆరబెడితే అయిదారు ఉతుకుల దాకా ఉంటుంది. ట్రెక్కింగ్ వాళ్లకి మంచిదే. ఒంటికి కొట్టుకోకూడదు, తడిగా ఉండగా ఇంట్లో పిల్లిని దగ్గరికి రానివ్వకూడదు, దానికి విషం.

డబ్బు దండగ: చప్పుడుతో దోమల్ని తరిమే మెషీన్లు, ఫోన్ యాప్‌లు, చేతికి కట్టుకునే వాసన బ్యాండ్లు, బి విటమిన్ మాత్రలు, వెల్లుల్లి. బ్యాండ్ కట్టిన మణికట్టుని వదిలేసి దోమ మోచేతిని కుడుతుంది. బ్యాట్ కాలక్షేపానికి బాగుంటుంది.

ఎక్కడికెళ్తే ఏది

అద్దాల రైల్లో ఉదయం అరకు వెళ్లి బొర్రా గుహలు చూసి సాయంత్రానికి వచ్చేస్తే మలేరియా భయం చాలా తక్కువ, ఎందుకంటే అనాఫిలిస్ డ్యూటీ ఎక్కే వేళకి మీరు ఘాట్ దిగిపోయారు. క్రీము ఒక ట్యూబు చాలు.

రాత్రి ఉంటే కథ మారుతుంది. వంజంగిలో తెల్లవారుజామున మూడింటికే లేచి కొండెక్కుతారు. లంబసింగిలో మంట చుట్టూ అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. చాపరాయి దగ్గర గెడ్డ పక్కనే టెంటు వేస్తారు. మూడూ మలేరియా దోమ వేళలే. అల్లూరి సీతారామరాజు జిల్లాలో మలేరియా పాత కాపు. పైగా తూర్పు కనుమల కొండల్లో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం, అంటే ప్రాణం మీదికి తెచ్చే రకం. బాగా చలిగా ఉన్న డిసెంబరు, జనవరి రాత్రుల్లో దోమలు తగ్గుతాయి. వానలు మొదలైనప్పటి నుంచి అక్టోబరు, నవంబరు దాకా జాగ్రత్తగా ఉండాలి. అద్దె టెంట్లలో సగానికి జిప్పు పట్టదు, లోపలి జాలీ చిరిగి ఉంటుంది. డబ్బులిచ్చే ముందే జిప్పు లాగి చూడండి. టెంటుని గెడ్డకి ఎంత దూరంగా వేస్తే అంత మంచిది, ఫోటో కాస్త తగ్గుతుంది. కాటేజీ అయితే మందు తెర, మంట దగ్గర కూర్చునే ముందు 30 శాతం డీట్ గానీ 20 శాతం పికారిడిన్ గానీ. కొండెక్కే ముందు మూడింటికి మళ్లీ రాసుకోవాలి, ఇదే అందరూ మర్చిపోయేది.

మన హార్బర్ నుంచి ఓడెక్కి అండమాన్ వెళ్లేవాళ్లకీ ఇదే వరస. అక్కడ డెంగీ, మలేరియా రెండూ ఉన్నాయి, నికోబార్ వైపు మలేరియా ఎక్కువ. పగటికి క్రీము, రాత్రికి తెర.

సింగపూర్, బ్యాంకాక్, బాలి, మాల్దీవులు, శ్రీలంక. టూర్ ప్యాకేజీల ఊళ్లన్నీ దాదాపు ఒకే కోవ. మాల్దీవులు 2015లో, శ్రీలంక 2016లో మలేరియా లేని దేశాలుగా గుర్తింపు పొందాయి, సింగపూర్ ఎప్పుడో 1982లోనే. బ్యాంకాక్ నగరంలో, బాలి టూరిస్టు ఊళ్లలో మలేరియా లెక్కలోది కాదు. థాయిలాండ్ సరిహద్దు అడవులకి వెళ్తేనే దాని మాట. అన్నిచోట్లా ఉన్నది డెంగీ. కాబట్టి తెర మొయ్యక్కర్లేదు, సీసాలు మొయ్యక్కర్లేదు. మంచి క్రీము, పాదాలు కప్పే బట్టలు. హోటల్ బ్రేక్‌ఫాస్టు తోటలో పెడితే కిందికి దిగే ముందే రాసుకోవాలి. విమానంలో చేతిసంచీలో 100 మిల్లీలీటర్లకి మించిన ట్యూబు పెట్టకండి, సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు.

డెంగీ ఒకసారి వచ్చినవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. "నాకు వచ్చి పోయింది, ఇంక రాదు" అనుకుంటారు. డెంగీలో నాలుగు రకాలున్నాయి. వచ్చిన రకం మళ్లీ రాదు గానీ, వేరే రకం వస్తే రెండోసారి ముదిరే అవకాశం ఎక్కువ. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే క్రీము వాళ్ల బ్యాగులోనే పెట్టండి.

గర్భిణులకి నా సలహా కాస్త కఠినంగా ఉంటుంది. ఏజెన్సీ రాత్రి బస, ఆఫ్రికా ప్రయాణం వాయిదా వేసుకోగలిగితే వేసుకోండి, గర్భంతో మలేరియా తల్లికీ బిడ్డకీ ప్రమాదం. జికా ఉన్న చోటికి వెళ్లే ముందు డాక్టర్‌ని అడగండి. తప్పనిసరైతే డీట్, పికారిడిన్ రెండూ గర్భిణులు వాడుకోవచ్చు. రాసుకోకపోవడమే ఎక్కువ ప్రమాదం.

ఇక ఆఫ్రికా. ఉద్యోగాల మీద నైజీరియా, ఘనా, ఉగాండా వెళ్లే మనవాళ్లు తక్కువేం లేరు. ప్రపంచ మలేరియా కేసుల్లో 90 శాతానికి పైగా ఆ ఖండంలోనివే. అక్కడ క్రీము, మందు తెర, మాత్రలు మూడూ కావాలి. ఒకటి చాలు అనుకోవడానికి లేదు.

మాత్రలు, టీకాలు

మలేరియాకి ముందుగా వేసుకునే మాత్రల్లో ముఖ్యమైనవి మూడు. మూడూ డాక్టర్ రాసిస్తేనే. తేడాలు తెలిసి వెళ్తే మాట్లాడ్డం తేలిక.

డాక్సీసైక్లిన్ చవక, ఏ షాపులోనైనా దొరుకుతుంది. వెళ్లే రెండు రోజుల ముందు మొదలుపెట్టి రోజూ 100 మిల్లీగ్రాములు, తిరిగొచ్చాక నాలుగు వారాలు. ఆ నాలుగు వారాల దగ్గరే చాలామంది ఆపేస్తారు, ఇంటికొచ్చేశాం కదా అని. ఎండకి చర్మం మండుతుంది. అన్నం తిన్నాక గ్లాసుడు నీళ్లతో వేసుకుని వెంటనే పడుకోకుండా ఉండాలి, లేకపోతే గొంతులో మంట. గర్భిణులకి, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి ఇవ్వరు. మన జాతీయ మార్గదర్శకాలు ఆరు వారాల లోపు ప్రయాణానికి చెప్పేది ఇదే.

అంతకంటే ఎక్కువ కాలం ఉండేవాళ్లకి మెఫ్లోక్విన్, వారానికి ఒకటే మాత్ర. వెళ్లే రెండు వారాల ముందు మొదలు, వచ్చాక నాలుగు వారాలు. పీడకలలు, ఆందోళన తెప్పించవచ్చు. డిప్రెషన్, మూర్ఛ, గుండె లయ సమస్య ఉన్నవాళ్లకి పనికిరాదు. ఓడ మీద, రిగ్గు మీద పనిచేసే వాళ్లెవరైనా దీన్ని మొదలుపెట్టే ముందు తమ పని సంగతి డాక్టర్‌కి దాచకూడదు.

అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిసిన మాత్ర ఖరీదైనది, కానీ సుఖం. ఒకటి రెండు రోజుల ముందు మొదలు, రోజూ ఒకటి, వచ్చాక ఏడు రోజులే. వారం, పది రోజుల పని మీద వెళ్లేవాళ్లకి డబ్బు పెట్టగలిగితే ఇదే మేలు.

మరి రెండు రాత్రుల పాడేరు ప్రయాణానికి మాత్రలా? మామూలు ఆరోగ్యవంతుడికి తెర, క్రీము మీద శ్రద్ధ, తర్వాత జ్వరం మీద ఒక కన్ను ముఖ్యమంటాను. వారాల తరబడి ఏజెన్సీలో పనిమీద ఉండేవాళ్లు, ప్లీహం తీసేసినవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువైనవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా బయల్దేరకూడదు.

దోమల జబ్బుల టీకాల్లో తప్పనిసరి ఎల్లో ఫీవర్ ఒక్కటే, అదీ ఆఫ్రికాలోని, దక్షిణ అమెరికాలోని కొన్ని దేశాలకి. ఆసియాలో ఆ జబ్బు లేదు. మనది ఓడరేవు ఊరు కాబట్టి ఓడల్లో పనిచేసేవాళ్ల ఇళ్లల్లో ఈ టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు అందరికీ తెలుసు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. వేసిన పదో రోజు నుంచి చెల్లుతుంది. 2016 నుంచి ఒక డోసే జీవితాంతం చెల్లుబాటు. చివరి వారంలో పరిగెత్తేవాళ్లు ఈ పది రోజుల దగ్గరే ఇరుక్కుంటారు. ఆ దేశాల నుంచి కార్డు లేకుండా తిరిగొస్తే మన దేశంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. గుడ్డు ఎలర్జీ ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు ముందే చెప్పాలి. మెదడువాపు టీకా వరిచేలు, పందుల పెంపకం ఉన్న పల్లెల్లో నెల రోజులు ఉండేవాళ్లకి. వారం బ్యాంకాక్ షాపింగ్‌కి అక్కర్లేదు.

తిరిగొచ్చాక జ్వరం

ఏం కొన్నా, ఎంత రాసుకున్నా ఒక దోమ కుడుతుంది. అక్కడి నుంచి పనికొచ్చేది తేదీలు. డెంగీ, చికున్‌గున్యా కుట్టిన రెండు వారాల లోపే బయటపడతాయి. మూడు వారాల తర్వాత వచ్చిన జ్వరం ఆ ప్రయాణపు డెంగీ కాదు. ఫాల్సిపారం మలేరియా వారం కంటే ముందు రాదు, ఎక్కువగా రెండు వారాల దగ్గర వస్తుంది, నెల దాటి కూడా రావచ్చు. వైవాక్స్ రకం కాలేయంలో దాక్కుని నెలల తర్వాత లేస్తుంది.

డెంగీ అనుమానమైతే పారాసెటమాల్ ఒక్కటే. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ రక్తస్రావం పెంచుతాయి, ఒళ్లు నొప్పులని ఇంట్లో ఉన్న మాత్ర మింగకండి. మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష, తర్వాత ఐజీఎం. ప్లేట్‌లెట్ల అంకె కోసం రోజుకి రెండుసార్లు రక్తం తీయించి, బొప్పాయి ఆకు రసం తాగించే హడావుడిలో అసలు చూడాల్సింది వదిలేస్తాం. జ్వరం తగ్గిన రోజే అసలు ప్రమాదం మొదలు కావచ్చు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం, మగతగా ఉండటం కనిపిస్తే అంకెతో పనిలేదు, ఆసుపత్రికే.

మా పెద్దమ్మ కొడుకు అక్టోబరులో చాపరాయి దగ్గర రెండు రాత్రులుండి వచ్చాడు. పన్నెండో రోజు చలితో జ్వరం. దగ్గర్లో ఒక క్లినిక్‌కి వెళ్తే వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అని యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. ఎక్కడికైనా వెళ్లొచ్చారా అని వాళ్లు అడగలేదు, చెప్పాలని అన్నయ్యకీ తోచలేదు. నాలుగు రోజులు పోయాయి. అయిదో రోజు ఇంకో చోట సెలైన్ పెడుతూ ఒక నర్సు, "అరకు గానీ వెళ్లారా బాబూ?" అంది. వేలి మీద చుక్క రక్తం తీశారు. ఫాల్సిపారం. అప్పటికి కళ్లు పచ్చబడ్డాయి. బతికి బయటపడ్డాడు, కానీ మామూలు మనిషి కావడానికి నెల పట్టింది.

అప్పటి నుంచి ఏజెన్సీ వెళ్లొచ్చిన ప్రతిసారీ ఫోన్ క్యాలెండర్‌లో తేదీ రాసుకుంటున్నాడు. మొన్న వదినకి ఒళ్లు వెచ్చబడితే, రిసెప్షన్‌లో పేరు అడగకముందే "లంబసింగి, రెండు రాత్రులు, పదిహేను రోజులైంది, మలేరియా టెస్టు చెయ్యండి" అన్నాడట. మలేరియా కాదు, మామూలు జలుబే. పరీక్షకి పట్టింది ఇరవై నిమిషాలు.